వంగే కాడకు రంగు

పనిలో రంగు ఎంత?

రంగు పనికి కొత్తగా వచ్చేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఈ పనిలో రంగు వేయడం చాలా తక్కువ. గీకడం ఎక్కువ, తుడవడం ఇంకా ఎక్కువ, ఆరేదాకా ఊరికే కూర్చోవడం అన్నిటికంటే ఎక్కువ. ఊరికే కూర్చోవడం రానివాడు ఈ పనిలో నిలవడు. పూసిన కాసేపటికే ఆరిందా లేదా అని వేలు పెట్టి చూసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల వేలిముద్రలు నంద్యాల చుట్టుపక్కల సైకిళ్ల మీద ఇప్పటికీ ఉండి ఉంటాయి.

నేను పంతొమ్మిది వందల యాభై మూడులో ఈ పనిలో చేరాను. మా నాయన శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. నన్ను కూడా పంతులును చేయాలని ఆయన కోరిక. ట్రైనింగుకు పంపితే, నల్లబల్ల మీద అక్షరాలు ముత్యాల్లా రాస్తాడు కానీ పాఠం చెప్పడం రాదు అని అక్కడివాళ్లు నన్ను వెనక్కి పంపేశారు. నాయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున నంద్యాలకు తీసుకొచ్చి, మస్తాన్ మేస్త్రి ముందు నిలబెట్టి, మావాడు దానం, వీడికి గీత వస్తుంది, మాటే రాదు అని చెప్పాడు. మేస్త్రి నన్ను కిందికీ పైకీ చూశాడు. మాట రానివాడే తనకు కావాలని, ఆ రోజే గరుకు కాగితం నా చేతికిచ్చాడు.

మేస్త్రిది బస్టాండుకు పోయే దారిలో ఒక రేకుల కొట్టం. సైకిలు ఫ్రేములు, ట్రంకు పెట్టెలు, జట్కాబండి చక్రాలు, ఏవి తెచ్చినా రంగు వేసేవాళ్లం. అయితే జనం వచ్చేది రంగు కోసం కాదు, గీత కోసం. నల్లటి సైకిలు గొట్టం మీద బంగారు రంగు గీత ఒకటి, దారమంత సన్నంగా, ఈ కొస నుంచి ఆ కొసకు ఆయన ఒకే ఊపిరిలో లాగేవాడు. స్కేలు పెట్టడు, దారం కట్టడు. ఉడత వెంట్రుకల పొడుగు కుంచె పట్టుకుని, చిటికెనవేలు గొట్టానికి ఆనించి, నెమ్మదిగా వెనక్కి జరుగుతూ పోయేవాడు. పాములపాడు నుంచి, కొత్తపల్లె నుంచి కూడా సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చి మస్తాన్ గీత కావాలని అడిగేవాళ్లు.

ఆయనలో నాకు నచ్చని గుణాలు కూడా చెప్పాలి. తప్పు తనదైతే ఒప్పుకునేవాడు కాదు. రంగు పొంగితే ఎండ మీద, ముడత పడితే గాలి మీద, దుమ్ము అంటుకుంటే బస్సుల మీద నెట్టేవాడు. పని బాగా చేస్తే "పర్వాలేదు" అనేవాడు. అంతకు మించిన పొగడ్త ఆయన నోట నేను వినలేదు. కానీ పని నేర్పడంలో దాపరికం లేదు. రంగులో ఏ నూనె ఎంత కలిపాడో, మాలాగే రంగు పని చేసే ఎదురు కొట్టంవాడు అడిగినా చెప్పేసేవాడు. చెప్పినంత మాత్రాన వాడికి రాదని ఆయన ధీమా.

సంచిలో వచ్చిన కర్రలు

యాభై ఏడు వేసవిలో కాలువ పనులు చూసే ఇంజినీరు నటరాజన్ గారు జీపులో మా కొట్టం ముందు దిగారు. మద్రాసు వైపు మనిషి, చాలా నెమ్మదస్తుడు. ఆయన వెనక బంట్రోతు ఒక పొడవాటి తోలు సంచి మోసుకొచ్చి కింద పెట్టాడు. అందులోంచి ఇనుప కాడల కర్రలు బయటికి తీశారు. ఒక కొసకు తోలు చుట్టిన పిడి, ఇంకో కొసకు వంకర తల. మధ్యలో కాడ సన్నంగా, వేలి లావున ఉంది.

మేస్త్రి ఒకటి అందుకుని అటూ ఇటూ తిప్పి, చింతకాయలు రాల్చుకునేదానికా అని అడిగాడు. ఇంజినీరు గారు నవ్వి, గోల్ఫ్ ఆట గురించి చెప్పారు. చిన్న తెల్లటి బంతిని కొట్టుకుంటూ పోయి, దూరంగా ఉన్న గుంతలో పడేయాలట. మేస్త్రి శ్రద్ధగా విని, చేత్తో తీసుకెళ్లి వేస్తే అయిపోతుంది కదా అన్నాడు. ఇంజినీరు గారు కొంచెం ఆలోచించి, అయిపోతుంది కానీ వేయకూడదు అన్నారు.

కాలువ గట్టు బంగళాలో తేమకు ఆ కాడలు తుప్పు పట్టాయి. ఒకప్పుడు వాటి మీద కర్ర రంగు పూత ఉండేది, అది పొరలు పొరలుగా లేచిపోయింది. కొన్నాళ్లలో ఆయన పైఅధికారి, పెద్ద ఇంజినీరు, తనిఖీకి వచ్చి ఈయనతో ఆట ఆడతాడట. అప్పటికి కాడలన్నీ గోధుమ రంగులో కొత్తవాటిలా ఉండాలి. పిడి కింద చుట్టూ సన్నని ఉంగరాలు కావాలి, రెండు నల్ల ఉంగరాల మధ్య ఒక ఎర్రది. ఇద్దరి కర్రలూ కలిసిపోకుండా అది గుర్తు.

ఉంగరాలనగానే నేను మేస్త్రి ముఖంలోకి చూశాను. ఆయన నన్ను చూడకుండా, చేస్తాం సార్ అనేశాడు.

నేనెందుకు చూశానో చెప్పాలి. అప్పటికి కొంతకాలంగా మేస్త్రి గీతల పని తప్పించుకుంటున్నాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కాలుతోందనేవాడు. ఆ టీ చల్లారిపోయి మీగడ కట్టి ఉండేది. ఎవరైనా గీత అడిగితే, ఇప్పుడు గీతలెవరు వేయించుకుంటున్నారు, మద్రాసులో అందరూ ఒట్టి నలుపే అని చెప్పి పంపేవాడు. ఆయన మద్రాసు ఎప్పుడూ చూడలేదు. ఆయన కుడిచేయి వణుకుతోందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. గీత లేకపోతే మా కొట్టానికి రావడానికి ఎవరికీ కారణం లేదు, ఎదురు కొట్టంవాడు పూసే నలుపూ నలుపే.

పూత రాలిన రోజు

సైకిలుకు వేసినట్టే వేశాం. తుప్పు గీకి, కిరసనాయిలుతో తుడిచి, గట్టి ఎనామిల్ దట్టంగా పూసి, దూలానికి వేలాడదీశాం. ఆరాక అద్దంలా మెరిశాయి. ఉంగరాలు చివర్లో వేస్తానని మేస్త్రి వాయిదా వేశాడు. ఈలోగా ఇంజినీరు గారు చూడటానికి వచ్చి, సంతోషం పట్టలేక ఒక కర్ర తీసుకుని, కొట్టం ముందు రోడ్డు మీద నిలబడి గాలిలోకి ఒక్క ఊపు ఊపారు.

సైకిలు గొట్టం వంగదు. ఈ కాడ వంగుతుంది. కొట్టేటప్పుడు కొరడాలా వంగి మళ్లీ నిలబడుతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. వేయించిన వేరుశనక్కాయల పొట్టు ఊదినట్టు, రంగంతా పెంకులు పెంకులుగా ఎగిరింది. కొంత మేస్త్రి గడ్డంలో చిక్కుకుంది, కొంత ఇంజినీరు గారి తెల్ల ప్యాంటు మీద పడింది. ఎదురు కొట్టంవాడు పని ఆపి బయటికొచ్చి చూశాడు.

అలవాటు ప్రకారం మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. ఎండ మీద నెడతాడనుకున్నాను. కానీ ఈసారి గడ్డం దులుపుకుంటూ, "తప్పు నాదే సార్. వంగేదని చూసుకోల్యా. మళ్లా చేసిస్తా" అన్నాడు. ఇంజినీరు గారికి కోపం రాలేదు. పెద్ద ఇంజినీరు వచ్చేలోపల ఇస్తే చాలని చెప్పి, ప్యాంటు దులుపుకుని జీపెక్కారు. కోపగించుకునే గిరాకీకి సమాధానం చెప్పడం తేలిక. నమ్మి వెళ్లిపోయేవాడితోనే కష్టం.

ఆ సాయంత్రం మేస్త్రి చాలాసేపు ఒక కాడను మోకాలికి ఆనించి వంచుతూ కూర్చున్నాడు. వంగేదానికి రంగు వేసేవాళ్లు ఎవరని తనలో తనే అడుగుతూ, చివరికి పల్లకి బొంగులు అన్నాడు. దేవుడి పల్లకి మోసేటప్పుడు బొంగు అడుగడుగుకీ వంగి లేస్తుంది, దాని రంగు మాత్రం రాలదు. ఆళ్లగడ్డలో ఓబులమ్మ అనే ఆమె బొంగులకు రంగు వేస్తుందని ఆయన విన్నాడట. పొద్దున్నే పోదామన్నాడు.

ఆళ్లగడ్డ ప్రయాణం

ఒక గోల్ఫ్ కర్రను తువ్వాలులో చుట్టి బస్సెక్కాం. వంకర తల బయటికి కనబడుతోంది. పక్కన కూర్చున్న రైతు ఇదేమిటని అడిగితే, గోల్ఫ్ కర్రని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, నాకు విడమర్చి చెప్పడం చేతకాలేదు. పాములను కొట్టేదని వెనక సీటాయన తేల్చాడు. తల అంత చిన్నదైతే పాము తప్పించుకుంటుందని ఇంకొకాయన అన్నాడు. శిరివెళ్ల దాటేదాకా బస్సంతా పాముల మీదే మాట్లాడుకుంది. మేస్త్రి కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఓబులమ్మ అరవై దాటిన మనిషి. మొగుడు చేసే పనిని ఆయన పోయాక తను చేస్తోంది. తనకంటే బాగా బొంగుకు రంగు వేసేవాళ్లు ఈ జిల్లాలో లేరని మేము కూర్చోకముందే చెప్పింది. మేస్త్రి కర్ర చూపించి, జరిగిందంతా చెప్పాడు. ఆమె కాడను చేతులతో వంచి చూసి, పడీ పడీ నవ్వింది.

ఆమె చెప్పింది ఇది. దట్టంగా పూస్తే రంగు పెంకవుతుంది, పెంకు వంగదు. కాబట్టి రంగులో కాచిన అవిసె నూనె కొద్దిగా కలపాలి. కుంచెతో పూయకూడదు. గుడ్డతో అద్ది, పూసినదంతా తుడిచేసినట్టే తుడవాలి. మిగిలిన మరకే పూత. అది బాగా ఆరాక ఇంకో పూత, అలా ఓపిక ఉన్నంతవరకు. ఇనుము సంగతి మాత్రం తనకు తెలియదంది. కర్ర రంగును తాగుతుంది, ఇనుము తాగదు. దానికి మేస్త్రి, నున్నటి ఇనుమును ముందు గరుకు చేయకపోవడమే తన రెండో తప్పని చెప్పాడు. రెండు రోజుల్లో రెండు తప్పులు ఆయన నోటితో వినడం నాకు కొత్త.

ఆమె కోడలు మజ్జిగ తెచ్చింది. మేస్త్రి మరిచిపోయి కుడిచేత్తో అందుకున్నాడు. చెంబులో మజ్జిగ తొణికి చాప మీద పడింది.

"చెయ్యి వణుకుతాందే నీకు," అంది ఓబులమ్మ.

"బస్సు కుదుపులకు," అన్నాడు మేస్త్రి.

"బస్సు దిగి శానాసేపాయ గదప్పా."

నేను చాప మీది మజ్జిగ తుడవడంలో మునిగిపోయినట్టు నటించాను. ఓబులమ్మ తన కుడిచేయి చాపి ఆయన కళ్ల ముందు పెట్టింది. అది మేస్త్రి చేతికంటే ఎక్కువగా వణుకుతోంది.

"నాది జూడు. ఎన్నేండ్ల నుంచో ఇంతే. పని ఆపినానా?"

తర్వాత మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ రెండు పంగల కొయ్యలు నాటి, వాటి మీద ఒక పల్లకి బొంగు అడ్డంగా పెట్టి ఉంది. ఆమె కింద కూర్చుని, మోచేయి పీట మీద ఆనించి, కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుంచె మొనను బొంగుకు తాకించింది. కోడలు అవతలి కొస పట్టుకుని బొంగును మెల్లగా తిప్పింది. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎర్రటి ఉంగరం మొదలైన చోటే కలిసిపోయింది. ఎక్కడ కలిసిందో నాకు కనబడలేదు.

"కుంచె తిప్పేది మానుకో. బొంగును తిప్పల్ల," అందామె.

ఇంత నేర్పినందుకు ఏమివ్వాలని మేస్త్రి అడిగితే, ఆ కర్రతో ఒక దెబ్బ కొట్టాలని ఉందంది. కోడలు వద్దని చెప్పినా వినలేదు. నిమ్మకాయ ఒకటి నేల మీద పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కొట్టింది. మేస్త్రి పూసిన ఎనామిల్‌లో మిగిలింది కూడా రాలిపోయింది. నిమ్మకాయ మాత్రం పక్కింటి మిద్దె దాటి పోయింది. అవతల ఎవరో ఏందది అని కేకవేశారు. ఓబులమ్మ కర్రను నా చేతికిచ్చి, గబగబా బస్టాండుకు పొమ్మని మమ్మల్ని పంపేసింది.

తిరుగు బస్సులో మేస్త్రి మళ్లీ కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"నీకెప్పుడు తెల్సెరా?"

"టీ గ్లాసు కాడ, మేస్త్రీ."

"మరి ఒక్కమాట చెప్పకుంటివే."

"మీరే చెప్తారని గమ్మునుంటి."

ఆయన తల ఊపాడు. "చెప్తే ఎదురోడు నవ్వుతాడని. అంతే," అన్నాడు. తర్వాత తొడ కింద నుంచి చేయి తీసి, అందరికీ కనబడేటట్టు ముందు సీటు కమ్మీ మీద పెట్టుకున్నాడు.

తిప్పడం కూడా పనే

పాత సైకిలు ఫోర్కులు రెండింటిని బల్లకు బిగించి, వాటి పంగల్లో గుడ్డ చుట్టి, కాడను అడ్డంగా పెట్టాం. అంతకుముందు కాడలన్నీ మళ్లీ గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఓబులమ్మ చెప్పినట్టు గుడ్డతో పూతలు వేశాను. మొదటి పూతలు చూస్తే రంగు వేశామో లేదో తెలియదు. నాకు అనుమానమొచ్చి దట్టంగా వేద్దామన్నాను. మేస్త్రి గడ్డం చూపించాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఉంగరాల రోజు ఆయన కొట్టం తలుపు వేయబోయి, ఎందుకో ఆగి, తెరిచే ఉంచాడు. ఆయన కుంచె పట్టుకుని కూర్చున్నాడు, నేను కాడ తిప్పాను. తిప్పడం ఎవరైనా చేస్తారనుకున్నాను. వేగం కొంచెం మారితే గీత లావవుతుంది, మధ్యలో ఆగితే అక్కడ చుక్క పడుతుంది. మొదటి ఉంగరాలు తుడిచేశాం. "బండి తోలినట్ల తిప్పొద్దు, నిద్రపోయే బిడ్డను పక్కకు తిప్పినట్ల తిప్పు," అన్నాడు. నాకు అప్పటికి బిడ్డలు లేరు. అయినా అర్థమైంది. ఆయన ఊపిరి బిగపడితే నేనూ బిగపట్టేవాణ్ని, ఆయన వదిలితే వదిలేవాణ్ని. చేతి వణుకు ఎక్కడికీ పోలేదు, బల్ల మీద ఆనిన మోచేతి దగ్గరే ఉండిపోయింది. కుంచె మొన దాకా రాలేదు.

మీలో మెషీన్ల మీద పనిచేసేవాళ్లు దీన్ని చిన్న సంగతి అనుకోవచ్చు. పక్కవాడి ఊపిరి తెలియకుండా పనిచేసేవాళ్లతో నేను తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. వాళ్ల పని వంకర పోయేది, ఎందుకు పోయిందో వాళ్లకు తెలిసేది కాదు.

గేదె అడ్డం పడిన ఆట

ఆట రోజు మమ్మల్ని కూడా రమ్మన్నారు. కాలువ గట్టు పక్క బీడును చదును చేయించి, తగరపు డబ్బాలు పాతి గుంతలు చేశారు. గుంత దగ్గర గుర్తుకు ఎర్రగుడ్డ జెండా. చుట్టుపక్కల పల్లెల జనం వచ్చి గట్టు మీద కూర్చున్నారు. కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్ద ఇంజినీరు భారీ మనిషి, భారీగా ఊపి, మొదటిసారి బంతిని వదిలి గడ్డిని కొట్టాడు. జనం అదే ఆటనుకుని మెచ్చుకున్నారు.

మా ఇంజినీరు గారు కొట్టినప్పుడల్లా జనమంతా తలెత్తి బంతిని చూశారు. మేస్త్రీ నేనూ తల వంచి నేలను చూశాం, పెంకులు రాలాయేమోనని. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. ఏమీ రాలలేదు. నాలుగో గుంత దగ్గర ఆయన బంతి పోయి, పడుకున్న గేదె పొట్ట కింద ఆగింది. పడిన చోటు నుంచే కొట్టాలని పెద్ద ఇంజినీరు పట్టుబట్టాడు. గేదె లేవలేదు. గేదె యజమాని, అది ఇప్పుడే పడుకుంది, కొంచెం ఆగండని ఇద్దరు ఇంజినీర్లకూ నచ్చజెప్పాడు.

అలా ఆగినప్పుడు పెద్ద ఇంజినీరు ఊసుపోక మా కర్ర ఒకటి తీసుకుని, ఉంగరాల మీద బొటనవేలు రాసి చూశాడు. ఎవరి చెయ్యయ్యా ఇది, గీత ఎక్కడా అదరలేదు అన్నాడు. నటరాజన్ గారు మేస్త్రిని ముందుకు పిలిచి, నంద్యాలలో ఈయన గీతకు పేరని చెప్పారు. గట్టు మీద మా కొట్టానికి వచ్చేవాళ్లు కొందరు ఉన్నారు. ఎదురు కొట్టంవాడు కూడా వచ్చాడు. మేస్త్రి అవునని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటాడనే అనుకున్నాను.

"చెయ్యి అదురుతాది సార్," అన్నాడు మేస్త్రి, కుడిచేయి చాపి చూపిస్తూ. "నేను కుంచె పట్టుకోని కూసుంటి. కాడ తిప్పింది మా దానం. ఇది ఇద్దరి పని."

పెద్ద ఇంజినీరు ఆ చేతినీ, నన్నూ, ఉంగరాలనూ చూసి, అలాగా, బాగుంది అన్నాడు. అంతలో గేదె లేచింది. అందరూ అటు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. ఎదురు కొట్టంవాడైతే గేదెనే చూస్తున్నాడు. ఆటలో మా ఇంజినీరు గారు ఓడిపోయారు. పైఅధికారితో ఆడేటప్పుడు అలా ఓడటం కూడా ఒక పనితనమేనని తర్వాత బంట్రోతు చెప్పాడు.

దానం గీత

ఉంగరాలు సరే, సైకిలు ఫ్రేమును తిప్పలేం. పొడుగు గీతకు చేయే కదలాలి. ఆట అయిన కొన్నాళ్లకు శిరివెళ్ల నుంచి నారాయణరెడ్డి అనే రైతు సైకిలు తెచ్చాడు. మా పాత గిరాకీ, నోటి దురుసు మనిషి. నలుపు వేసి మస్తాన్ గీత వేయమన్నాడు. తీసుకుపోయే రోజు ముందుగానే వచ్చి, గీత లాగేటప్పుడు చూడాలని స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

మేస్త్రి రంగు కలిపాడు. ఉడత వెంట్రుకల కుంచెను ముంచి, మొన సరిచేసి, దాన్ని నా వైపు చాపాడు. అప్పటిదాకా ఆ కుంచెను కడగడానికి తప్ప నేను తాకలేదు. రెడ్డి ముందు వద్దని కళ్లతో చెప్పాను. ఆయన చాపిన చేయి వెనక్కి తీసుకోలేదు. కుంచె గాలిలో వణుకుతూ ఉంది. ఇంకాసేపు అలాగే ఉంటే రంగు కారిపోతుంది. అందుకున్నాను.

చిటికెనవేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, వెనక్కి జరుగుతూ లాగాను. ఎలా లాగానో నాకు గుర్తులేదు. గొట్టం చివర కుంచె ఎత్తాక, కొట్టం పైకప్పు రేకుల చప్పుడు వినబడింది, అంతే. నారాయణరెడ్డి స్టూలు మీంచి లేచి, గీత పొడుగునా కళ్లు ఆనించినంత దగ్గరగా వంగి చూస్తూ పోయాడు.

"ఇది మస్తాన్ గీతేనా?" అని అడిగాడు.

"కాదు. దానం గీత," అన్నాడు మేస్త్రి. "బాగల్యాకుంటే ఆరకముందే చెప్పు, తుడుస్తాం."

రెడ్డి మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చూశాడు. తర్వాత స్టూలు వెనక్కి లాక్కుని కూర్చుని, బీడీ వెలిగించుకున్నాడు.

"ఆరనీ," అన్నాడు.